పెన్సిల్‌తో రాసిన పద్దెనిమిది

"లెక్కల క్లాసు నుంచి ఇంగ్లీషు క్లాసుకి ఎంతసేపు పడుతుంది?" అని అడిగారు మాస్టారు, కాగితం మీంచి తల ఎత్తకుండానే.

కిటికీకి అవతల నిలబడ్డ పొడుగాటి విద్యార్థి బుర్ర గోక్కున్నాడు. "ఐదు నిమిషాలు సార్."

"ఎవరు చెప్పారు?"

"ఫోన్లో మ్యాప్ చెప్పింది."

"క్లాసుకి వెళ్లేది నువ్వా, మ్యాపా? లెక్కల క్లాసు మూడో అంతస్తులో. గంట కొట్టగానే మూడు వందల మంది ఒకే మెట్ల మీద దిగుతారు. వెళ్లి నడిచి రా. వచ్చాక పెన్నుతో రాస్తా."

కాగితం వెనక్కి తోశారు. దాని మీద ఐదు క్లాసులూ పెన్సిల్‌తో రాసి ఉన్నాయి. విద్యార్థి గొణుక్కుంటూ వెళ్లాడు. మాస్టారు అద్దంలోంచి అతని బూట్లు చూసి, లేసులు ఊడిపోయి ఉన్నాయని గమనించి, వీడికి ఏడు నిమిషాలు పడుతుందని మనసులో వేసుకున్నారు. అరగంట తర్వాత వాడు వచ్చి "ఏడు సార్" అన్నాడు. మాస్టారు పెన్ను తీశారు.

ఆయన నిజానికి మాస్టారు కాదు. జీవితంలో ఒక్క పాఠమూ చెప్పలేదు. విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరినవాళ్లకి ఏ క్లాసులు తీసుకోవాలో, ఏ గంటకి ఏ గదిలో ఉండాలో సలహా చెప్పి, పేర్లు నమోదు చేసే విభాగంలో గుమాస్తా. ముప్ఫై ఆరేళ్ల సర్వీసులో ఇరవై ఆరేళ్లు ఆ మూడో కిటికీ దగ్గరే గడిచాయి. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. చొక్కా చేతులు మోచేతి కింద సరిగ్గా రెండు మడతలు. వాచీ మణికట్టు లోపలి వైపుకి పెట్టుకుంటారు, రాస్తూ రాస్తూ చూసుకోవడానికి వీలుగా. కాళ్లకి గోధుమరంగు గుడ్డబూట్లు. ఆఫీసులో మిగతావాళ్లందరి చెప్పులూ మడమ దగ్గర అరుగుతాయి, ఆయనవి వేళ్ల దగ్గర అరుగుతాయి. విద్యార్థులు ఆయనకి నిమిషాల మాస్టారని పేరు పెట్టారు. ఆ పేరు ఇంటిదాకా వెళ్లింది. ఆయన బావమరిది అయితే, "మా బావ పెళ్లికి కూడా మూడు నిమిషాలు ముందే వచ్చాడు, మా అక్కే ఆలస్యం చేసింది" అని పదిమందిలో అంటూ ఉంటాడు. ఆ మాటకి అందరికన్నా ముందు నవ్వేది మాస్టారే.

అది నమోదుకి ఆఖరు రోజు. హాల్లో ఐదు కిటికీలు, ఐదు వరసలు. మిగతా నాలుగు కిటికీల్లో మనిషికి నాలుగు నిమిషాలు. కంప్యూటర్లో రెండు నొక్కులు, ఒక చీటీ, తర్వాతివాళ్లు రండి. మూడో కిటికీ దగ్గర మాత్రం వరస కదలదు, పెన్సిల్ కాగితాలు పట్టుకుని నడవడానికి వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ. అయినా పైక్లాసుల వాళ్లు తమ చెల్లెళ్లనీ తమ్ముళ్లనీ తీసుకొచ్చి ఆ వరసలోనే నిలబెడతారు. ఆయన రాసిచ్చిన టైమ్‌టేబుల్‌తో ఏడాది పొడుగునా ఒక్క క్లాసుకి కూడా ఆలస్యం కారు. ఆ సంగతి మాస్టారికి తెలుసు. తెలుసన్న సంగతి దాచుకోవడం ఆయనకి చేతకాదు.

"బాబాయ్, మీ వరస చూస్తే నాకు కళ్లు తిరుగుతున్నాయి. సగం మందిని ఇటు పంపండి" అంది పక్క కిటికీలో కూర్చునే అమ్మాయి. చేరి నాలుగేళ్లయింది. పని నేర్పింది ఆయనే.

"పంపుతాను. నడిపిస్తావా మరి?"

"నేనా! నాకు కుర్చీ దిగితేనే నీరసం."

"అందుకే పంపను."

ఆయన నడక పిచ్చికి ఒక కారణం ఉంది. అది భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. పంతొమ్మిదేళ్ల వయసులో ఆయన కూడా ఇక్కడే విద్యార్థిగా చేరారు. ఒక క్లాసు ఈ చివర, తర్వాతి క్లాసు ఆ చివర. మధ్యలో పది నిమిషాలు. ఎంత పరుగెత్తినా రెండు నిమిషాలు ఆలస్యమయ్యేది. ఆ లెక్చరరు గంట మోగగానే తలుపు గడియ వేసుకునేవాడు. లోపల పాఠం వినబడేది, వరండాలో నిలబడి వినేవారు. హాజరు చాలక ఆ ఏడాది పోయింది. మరుసటి ఏడాది ఫీజుకి ఇంట్లో దారి లేక ఇదే ఆఫీసులో ఫైళ్లు మోసే అటెండరుగా కుదిరారు. నాకు బుర్ర లేక కాదు, ఎవడో నా కాగితం మీద రెండు క్లాసులు పక్కపక్కన రాసేముందు ఒక్కసారి నడిచి చూడక నా చదువు పోయింది అని భార్యతో అనేవారు. ఆవిడ కుట్టుమిషన్ మీంచి కళ్లు తిప్పకుండా, "అందుకని ఊరందరినీ నడిపిస్తారా?" అనేది. అవును, అందుకనే నడిపించారు.

గుమాస్తా అయిన కొత్తలో రెండు వేసవులు కాళ్లకి బలపం కట్టుకుని తిరిగారు. ఇరవై మూడు భవనాలు, వాటి మధ్య రెండు వందల యాభై మూడు దార్లు. చంకలో నాలుగు పుస్తకాలు పెట్టుకుని, పరుగెత్తకుండా, ఆగకుండా ప్రతి దారీ నడిచి, ఎన్ని నిమిషాలో ఒక పొడుగాటి రిజిస్టరులో వేశారు. ఎవరూ చెయ్యమనలేదు. కందకి లేని దురద కత్తిపీటకి ఎందుకయ్యా అని అప్పటి ఆఫీసరు నవ్వాడు. నవ్వినవాడే మరుసటి ఏడాది ఆ పట్టికని నిబంధనల పుస్తకంలోకి ఎక్కించాడు. పది నిమిషాల్లోపు చేరగలిగితేనే రెండు క్లాసులు పక్కపక్కన. పట్టికలో అంకె మార్చాలంటే మార్చే ఉద్యోగి ఆ దారి స్వయంగా నడిచి సంతకం చెయ్యాలి. ఈ రెండో వాక్యం మాస్టారు పట్టుబట్టి రాయించినది. తొమ్మిదేళ్ల కిందట కంప్యూటర్లు వచ్చినప్పుడు రిజిస్టరు మొత్తం వాటిలోకి ఎక్కింది. దూరం ఎక్కువైతే తెర మీద ఎర్రగీత పడుతుంది, ఇక ఎవరు నొక్కినా నమోదు కాదు. ఆ ఎర్రగీత పడ్డప్పుడల్లా మాస్టారికి లోలోపల కొంచెం గర్వం. అది ఆయన గీతే మరి.

మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి ఆమె వచ్చింది.

ముప్ఫై నాలుగేళ్లు ఉంటాయి. చేతులు మోచేతుల దాకా తెల్లబడి, వేలి చివరలు నీళ్లలో నానినట్టు ముడతలు పడి ఉన్నాయి. భుజాన గుడ్డసంచీ. వరసలో ఉన్న పిల్లలు ఎవరి తల్లో అనుకుని పక్కకి జరిగి దారి ఇచ్చారు. ఆమె ఆ దారిలోకి వెళ్లకుండా తన వంతు వచ్చేదాకా నిలబడింది.

"మీ అమ్మాయి రాలేదా?" అని అడిగారు మాస్టారు.

"బడికి వెళ్లిందండీ. చేరింది నేనే."

మాస్టారు తలెత్తి చూశారు. పొరపాటు ఒప్పుకుంటున్నట్టు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "కూర్చోమ్మా. ఎక్కడ పని?"

పెద్దాసుపత్రి లాండ్రీలో. తెల్లవారుజామున ఐదింటి నుంచి ఒంటిగంట దాకా షిఫ్టు. పన్నెండేళ్లుగా అదే. అప్లికేషన్ నింపింది తొమ్మిదో క్లాసు చదివే కూతురు. నేను పదో క్లాసు పాసయ్యేలోపు నువ్వు ఇక్కడ మొదటి ఏడాది పాసవ్వాలని తల్లితో పందెం వేసింది. ఇదంతా ఆమె అడిగినదానికి అడిగినంత మేరకే చెప్పింది.

"కెమిస్ట్రీయే ఎందుకు?"

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. "పన్నెండేళ్ల నుంచి మరకలు తీస్తున్నానండీ. ఏ మరకకి ఏ పొడి పనిచేస్తుందో కళ్లు మూసుకుని చెప్తాను. ఎందుకు పనిచేస్తుందో మాత్రం తెలీదు. అడిగితే ఎవరూ చెప్పరు. అదేంటో తెలుసుకోవాలి."

ఈ జవాబు మాస్టారికి ఎంత నచ్చిందంటే, పెన్సిల్ చెక్కుకోవలసిన అవసరం లేకపోయినా చెక్కుకున్నారు. లెక్కలు, ఇంగ్లీషు, కంప్యూటరు మధ్యాహ్నాల్లో ఇట్టే కుదిరాయి. కెమిస్ట్రీ పాఠం గుట్ట మీది పాత భవనంలో, రెండూ పది నుంచి మూడింటిదాకా. ల్యాబ్ రోడ్డుకి అవతల ల్యాబ్ బ్లాకులో, మూడూ పదికి. మిగతా ల్యాబ్‌లన్నీ పొద్దున్నే. ఈ మధ్యాహ్నం ల్యాబ్‌లో ఒకే ఒక్క సీటు మిగిలింది. కంప్యూటర్లో ఆమె పేరు కొట్టారు. ఎర్రగీత పడింది.

"కుదరదమ్మా" అన్నారు మాస్టారు, ఎన్నోసార్లు అన్న గొంతుతో. "గుట్ట మీంచి ల్యాబ్‌కి పద్దెనిమిది నిమిషాలు. నీకున్నది పది. ల్యాబ్ లేకుండా పాఠం ఇవ్వరు."

"కెమిస్ట్రీ తీసేస్తే మూడే మిగుల్తాయి కదండీ?"

"అవును."

"నాలుగు లేకపోతే అడ్మిషన్ ఉండదని ఈ కాగితంలో రాశారు."

"సాయంత్రం ఐదింటికి దానంతటదే రద్దయిపోతుంది." ఆయన గొంతు కొంచెం తగ్గింది. "వచ్చే ఏడాది మళ్లీ..."

"పద్దెనిమిది పట్టదండీ" అంది ఆమె.

వాదిస్తున్నట్టు లేదు ఆ మాట. రోజూ చూసే సంగతి చెబుతున్నట్టు ఉంది. ల్యాబ్‌లో వేసుకునే తెల్లకోట్లు తమ లాండ్రీకే ఉతుక్కి వస్తాయట. వారానికి రెండుసార్లు ఆమే బండిలో వేసుకుని ముందు గుట్ట మీద, తర్వాత ల్యాబ్ బ్లాకులో దింపుతుంది. "బరువు బండి తోసుకుంటూ వెళ్తేనే పదకొండు నిమిషాలు పడుతుందండీ. ఉత్త చేతుల్తో అంత పట్టదు."

"ఏ దారిన?"

"నడక వంతెన మీంచి. మెట్ల పక్కనే బండికి వాలుబాట ఉందండీ."

"వంతెన మూసి ఉంది కదా" అనేశారు మాస్టారు. అన్నాక ఆయనకే వింతగా తోచింది. వంతెన తెరిచి ఉన్నట్టు ఆయనకి తెలుసు. రోజూ బస్సులో దాని కిందనుంచే వస్తారు.

"అది కొత్తగా కట్టి తెరిచి తొమ్మిదేళ్లు కావస్తోంది కదండీ" అంది ఆమె మెల్లగా.

మాస్టారు వంగి కింది సొరుగులోంచి పాత రిజిస్టరు తీశారు. పేజీ ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు. గుట్ట భవనం, ల్యాబ్ బ్లాకు. నీలి సిరాతో తొమ్మిది. దాని మీద ఒక కొట్టివేత. పైన పెన్సిల్‌తో, అలుక్కుపోయి, పద్దెనిమిది.

అంతా గుర్తొచ్చింది. ఆ ఏడాది పాత వంతెన కూల్చి కొత్తది కడుతున్నారు. ప్రధాన ద్వారం చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. ఆ కొన్ని నెలల కోసం పద్దెనిమిది అని పెన్సిల్‌తో వేసుకున్నారు. ఆయన లెక్కలో పెన్సిల్ అంటే ఇంకా తేలలేదని, పెన్ను అంటే తేలిందని. గుమాస్తా అయినప్పటి నుంచీ ఆయన బతుకు ఆ తేడా మీదే నడిచింది. కానీ ఆ వేసవిలోనే కంప్యూటర్లు వచ్చాయి. రిజిస్టరు టైపు చేసినవాడికి పెన్సిలైనా పెన్నైనా అంకె అంకెయే. వాడిదేమీ తప్పు లేదు. వాడికి ఆ తేడా చెప్పాలని మాస్టారికి తోచనే లేదు. ఆ తర్వాత వంతెన తెరిచారు. తెర మీద ఎర్రగీత మాత్రం అలాగే నిలబడిపోయింది. ఎర్రగీత పడ్డ దారిని ఎవరూ నడవరు కాబట్టి ఎవరూ వచ్చి తప్పని చెప్పలేదు.

ఆయన మొహంలో రంగు మారడం పక్క కిటికీ అమ్మాయి చూసింది. "ఏమైంది బాబాయ్?"

ఏటా ఐదారుగురు ఈ పాఠం, ఈ ల్యాబ్ కలిపి అడిగేవాళ్లు. పొద్దున పూట పని చేసుకునేవాళ్లే అడిగేవాళ్లు. పాలవ్యాన్ నడిపేవాడు ఒకడు గుర్తొచ్చాడు. చంటిబిడ్డని ఎత్తుకుని వచ్చిన ఒకమ్మాయి, ఒకే సైకిల్ మీద వచ్చిన బేకరీ అన్నదమ్ములు. అందరికీ ఈ కిటికీలోంచే, ఈ గొంతుతోనే, వచ్చే ఏడాది చూద్దామని చెప్పారు. ఒక్కరూ తిరిగి రాలేదు. తాను వరండాలో నిలబడిన ఆ తలుపుకి గడియ వేసినవాడిని నలభై ఏళ్లుగా తిట్టుకున్నారు. తొమ్మిదేళ్లుగా తనే గడియ వేస్తున్నారు. ఆ క్షణంలో మాస్టారికి తన మీద తనకి కలిగిన అసహ్యం ఇంతా అంతా కాదు.

"తప్పు నాది తల్లీ" అన్నారు ఆమెతో. "వంతెనదీ కాదు, కంప్యూటరుదీ కాదు. నాదే."

"అయితే ఇప్పుడు మార్చచ్చా అండీ?" అని అడిగింది ఆమె.

పైఅంతస్తులో ఉన్న సెక్షన్ ఆఫీసరుకి పక్క కిటికీ అమ్మాయి ఫోన్ కలిపింది. అవతలి గొంతు నవ్వింది. "రూలు మీరు రాయించిందే కదా మాస్టారూ. పాత అంకె చెల్లదు, వంతెన కొత్తది. నడిచి సంతకం పెట్టి పంపండి, నిమిషంలో మారుస్తారు. కానీ ఆ సీటు ఆపి ఉంచడం మాత్రం నా చేతుల్లో లేదు. ఈలోపు ఎవరైనా తీసుకుంటే అంతే."

మాస్టారు అప్పటికే లేచి నిలబడ్డారు. మూడో కిటికీకి "ఇప్పుడే వస్తాను" అన్న అట్టముక్క తగిలించారు. వరసలో ఉన్నవాళ్లని పక్క కిటికీకి పొమ్మన్నారు. ఇరవై ఆరేళ్లలో ఆ మాట అనడం అదే మొదటిసారి. పక్క కిటికీ అమ్మాయి ఆయన మొహం చూసి, వాళ్ల కాగితాలు అందుకోవడం మొదలుపెట్టింది.

గుట్ట మీదికి మెట్లెక్కడం ఆయనకి కష్టమైంది. ఆమె ముందు నడుస్తూ మధ్యమధ్యలో ఆగి చూసింది. "రెండు గంటలకి గంట కొడతారు. అది మొదలు. రెండూ పదికి రెండోగంట, అది ఆఖరు" అన్నారు ఆయన ఊపిరి తీసుకుంటూ. "పరుగెత్తకూడదు. పరుగెత్తి చేరిన దారి దారి కాదు." పాఠం జరిగే గది గుమ్మంలో నిలబడ్డారు. గంట మోగింది. బిలబిలమంటూ పిల్లలు బయటికి తోసుకొచ్చారు. వాళ్ల మధ్యలోంచి ఇద్దరూ నడిచారు.

మెట్లు దిగడం, వేపచెట్ల బాట, వంతెన. వంతెన మీద గాలి బాగుంది. కింద రోడ్డు మీద బస్సులు వెళ్తున్నాయి. కొత్త వంతెన పాతదానికన్నా ముప్ఫై అడుగులు ల్యాబ్ వైపుకే ఉందని మాస్టారు గమనించారు, గమనించినందుకు సంతోషించారు. వంతెన దిగాక రెండుసార్లు ఆగారు. సైకిళ్ల షెడ్డు దగ్గర ఒక్క క్షణం కడ్డీ పట్టుకున్నారు. ల్యాబ్ బ్లాకు మొదటి అంతస్తు మెట్ల మీద ఉండగా రెండోగంట మోగేసింది. రెండో అంతస్తులో ల్యాబ్ గుమ్మం చేరేసరికి పన్నెండు నిమిషాలు.

ల్యాబ్ అటెండరు బయట బెంచీ తుడుస్తున్నాడు. మాస్టారు దాని మీద కూలబడ్డారు.

"మీరు ఆగబట్టి కానీ అండీ. పది అని వేసెయ్యండి" అంది ఆమె. మొదటిసారిగా ఆమె గొంతులో బతిమాలడం వినబడింది.

"వెయ్యను. తేలని అంకె వేసి కూర్చోబట్టే కాదూ ఇంతమంది నష్టపోయారు?" ఊపిరి కుదుటపడేదాకా ఆగారు. తర్వాత నవ్వారు, ఆయనకి దారి దొరికిందని ఆ నవ్వులోనే తెలిసిపోయింది. "ఇది నా కాళ్లు నడిచిన లెక్క. క్లాసుకి వెళ్లేది నా కాళ్లు కాదుగా. నువ్వు మళ్లీ గుట్టెక్కు. మూడింటికి గంట కొట్టగానే అక్కడ బయలుదేరు. ఇక్కడ రెండోగంట మోగేలోపు నువ్వు ఈ గుమ్మంలో ఉంటే, సంతకం నాది."

ఆమె సంచీ భుజానికి ఎగదోసుకుని మెట్లు దిగిపోయింది. అడుగుల చప్పుడు కిందిదాకా ఒకేలా వినబడింది. మాస్టారు చెవి ఒగ్గి విన్నారు. "చేరుతుంది" అన్నారు అటెండరుతో.

"ఎవరండీ ఆవిడ?"

"కొత్త స్టూడెంటు."

మూడింటిదాకా ఆ ముప్పావుగంటా ఆయన బెంచీ మీద కూర్చుని, పక్కనున్న గోడ తగిలేలా వెనక్కి వాలి, లోపలి నుంచి వచ్చే గ్యాసు వాసనా గాజుసామాను చప్పుడూ మధ్య, బేకరీ అన్నదమ్ముల మొహాలు గుర్తు చేసుకున్నారు. పాత కాగితాలన్నీ బీరువాలో ఉన్నాయి. అందరి చిరునామాలూ దొరుకుతాయి. రేపు మొదలుపెట్టి ఒక్కొక్కరికీ ఉత్తరం రాయాలి. రాసేశాక ఎవరు వస్తారో, ఎవరు రారో వాళ్లిష్టం. ఒకసారి పక్క కిటికీ అమ్మాయి ఫోన్ చేసి, సీటు ఇంకా ఉంది బాబాయ్, తొందరగా రండి అంది. భోజనం చేశారా అని కూడా అడిగింది. చేశానని అబద్ధమాడారు.

మూడు గంటలు కొట్టారు. మాస్టారు లేచి గుమ్మంలో నిలబడి, చెయ్యి తిప్పి వాచీ చూసుకున్నారు. ఐదు నిమిషాలు. ఆరు. అటెండరు కూడా చీపురు పక్కన పెట్టి వచ్చి నిలబడ్డాడు. ఏడున్నరకి కింద మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. ఎనిమిదిన్నరకి ఆమె గుమ్మంలో ఉంది.

"మీ ఇంటి అడ్రసు చెప్పు" అన్నారు మాస్టారు వెంటనే.

ఆమె తెల్లబోయింది. "ఆరో నంబరు ఇల్లు, పైవాటా, పోస్టాఫీసు వెనకాల సందులో, మంచినీళ్ల ట్యాంకు పక్కన... ఎందుకండీ?"

"ఒగర్చకుండా చెప్పావు. పరుగెత్తలేదన్నమాట." అటెండరు పక్కున నవ్వాడు. మాస్టారు బెంచీ మీద కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని, పెన్నుతో రాశారు. గుట్ట భవనం, ల్యాబ్ బ్లాకు, తొమ్మిది. అర నిమిషాన్ని ఆయన ఎప్పుడూ పైకే వేస్తారు. కింద ఒక వాక్యం చేర్చారు. దారి నేను నడిచాను, నిమిషాలు విద్యార్థినివి. సంతకం పెట్టి, రెండో సారి చదివి, ఆమె చేతికిచ్చారు. ఆమెకి పైనుంచి రెండోగంట మోగడం వినబడింది.

"ఇప్పుడు పరుగెత్తచ్చా అండీ?"

"ఇప్పుడు పరుగెత్తు. చీటీ తీసుకుని ఇక్కడికే రా. నీ ల్యాబ్ నీకు చూపించి పంపుతాను. నేను ఇక్కడే ఉంటా."

ఆమె పరుగెత్తింది. హాల్లో పక్క కిటికీ అమ్మాయి కాగితం అందుకుని, చదివి, ఆఫీసరుకి ఫోన్ చేసి, పట్టికలో పద్దెనిమిది కొట్టేసి తొమ్మిది వేసింది. లాండ్రీ ఆవిడ పేరు మళ్లీ కొట్టింది. ఎర్రగీత రాలేదు. మిగిలిన సీట్లు సున్నా అని పడింది. ప్రింటరు చీటీని బయటికి తోసేదాకా ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. చీటీ చేతిలో పడగానే లాండ్రీ ఆవిడ కొత్త మనిషని కూడా చూడకుండా ఆ అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకుని ఊపేసింది.

"మా బాబాయ్‌కి చూపించి రండి. చూపించకపోతే ఆ బెంచీ దిగరు" అంది అమ్మాయి నవ్వుతూ.

మూడూ నలభై దాటుతుండగా ఆమె ల్యాబ్ బ్లాకు మెట్లు ఎక్కింది. మాస్టారు గోడకి వాలి కూర్చుని ఉన్నారు. అరచేతులు మోకాళ్ల మీద ఉన్నాయి. కళ్లు మూసుకున్నారు. పాపం, పొద్దుటి నుంచీ అలిసిపోయారనుకుంది. లేపడం ఇష్టంలేక ఎదురుగా నిలబడి చీటీ పైకే చదివింది. లెక్కలు, ఇంగ్లీషు, కంప్యూటరు. కెమిస్ట్రీ పాఠం గుట్ట భవనం. కెమిస్ట్రీ ల్యాబ్, ల్యాబ్ బ్లాకు, రెండో అంతస్తు. చదవడం అయిపోయింది. "మాస్టారూ" అంది. రెండోసారి పిలవలేదు. పన్నెండేళ్లుగా ఆసుపత్రిలో పనిచేస్తున్న మనిషి. వంగి ఆయన చెయ్యి పట్టుకుని చూసి, అలాగే పట్టుకుని, అటెండరుని కేకేసింది.

డాక్టరు వచ్చాడు. గుండె ఆగి పావుగంట అయి ఉంటుందని, నొప్పి తెలిసి ఉండదని అన్నాడు. పక్క కిటికీ అమ్మాయి హాలు తాళాలు చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. ఇంటికి ఫోన్ చెయ్యాల్సింది ఆమే. అవతల కుట్టుమిషన్ చప్పుడు ఆగడం వినబడింది. చెప్పవలసింది చెప్పింది.

"ల్యాబ్ బ్లాకుకి ఎందుకు వెళ్లారే ఆయన?" అని అడిగింది మాస్టారి భార్య.

"ఒక దారి చూడ్డానికి పిన్నీ."

"నడిచారా?"

"నడిచారు పిన్నీ. సంతకం కూడా పెట్టారు."

"సరే. నేను వస్తున్నా" అంది ఆవిడ. అప్పుడు ఏడ్చింది.

స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. అమ్మాయి వెంట వెళ్లింది. జరిగింది తెలియని వాళ్లకి అటెండరు మెట్ల దగ్గర నిలబడి చెబుతున్నాడు. ఆవిడ చీటీకి వెళ్లిన కాసేపటికి పక్క ల్యాబ్ వదిలారట. వరండా నిండా పిల్లలు. ఒకబ్బాయి బెంచీ మీద కూర్చోబోతే మాస్టారు చెయ్యి అడ్డం పెట్టి, "ఇక్కడొద్దు బాబూ, ఒకావిడ వస్తుంది" అన్నారట. ఆయన మాట్లాడగా విన్నది అదే ఆఖరు అన్నాడు అటెండరు.

లాండ్రీ ఆవిడ ఆ మాట విని తిరిగి చూసింది. వరండా ఖాళీ అయిపోయింది. గోడవారగా ఉన్న బెంచీ మీద, ఆయన కూర్చున్న చోటికి పక్కన, ఇంట్లో కుట్టిన నీలం అంచు తెల్లరుమాలు ఒకటి, నాలుగు మూలలూ లాగి సరిచేసి, పరిచి ఉంది.